మోటారు సిమ్ముకు ఆఖరి వంతు

“మెషీన్లే కదా మేడమ్, ఆగుతాయి.”

మా ఆఫీసులో ఈ మాట రోజుకొకసారైనా ఎవరో ఒకరి నోట వస్తుంది. వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మెషీను ఆగినంతసేపూ దాని వెనకాల ఒక మనిషి కూడా ఆగాల్సి వస్తుందని వీళ్ళకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. చెప్పినప్పుడు అందరూ తలలూపుతారు. టీ తాగి వచ్చి మళ్ళీ అదే మాట అంటారు.

నేను ఒంగోలులో ఒక మొబైల్ కంపెనీలో పనిచేస్తాను. ఏం పనని చుట్టాలు అడిగితే “టవర్ల పని” అని ఊరుకుంటాను. నిజానికి టవరెక్కే పని కాదు నాది, కుర్చీలో కూర్చుని అంకెలు మార్చే పని. టవరు ఒక్క క్షణంలో అందరికీ పలకలేదు. ఎవరికి ముందు చోటివ్వాలి, ఎవరిని కాసేపు ఆగి మళ్ళీ రమ్మనాలి, ఆ కాసేపు అంటే ఎంతసేపు అన్నది దానికి ముందే చెప్పి పెట్టాలి. ఈ రోజుల్లో టవరును అడిగేవి మనుషుల ఫోన్లు మాత్రమే కాదు. కరెంటు మీటర్లలో సిమ్ములున్నాయి, కార్డు గీకే మెషీన్లలో ఉన్నాయి, లారీల్లో ఉన్నాయి, పొలాల్లో బోరు మోటార్లకు బిగించిన పెట్టెల్లో ఉన్నాయి. మధ్యలో మనిషి లేకుండా ఒక మెషీను ఇంకో మెషీనుకు కబురు పంపుకునే సిమ్ములివి. వీటికీ జనం ఫోన్లకూ మధ్య టవరులోని చోటు ఎలా పంచాలో రాసిచ్చేది మా గది.

మా పిన్ని మిరప తోట ఆ పంపకం కింద ఎలా ఎండిందో రాద్దామని కూర్చున్నాను. కోపం తగ్గాక రాద్దామని ఏడాది ఆగాను. తగ్గేలా లేదు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. పొదిలి దాటాక లోపలికి వెళ్తే వచ్చే మెట్ట ఊరు ఆమెది. బాబాయి పోయాక ఎకరంన్నర కౌలుకు తీసుకుని మిరప వేస్తోంది. దాంతోపాటు ఊరి బడిలో వంట చేస్తుంది. పిల్లలు ఆమెను వంటమ్మ అంటారు. ఆ పిలుపు ఆమెకు ఎంత ఇష్టమో చెప్పలేను. జీతం కన్నా దానికోసమే బడికి వెళ్తుందని మేమంతా ఆటపట్టిస్తాం. పొద్దున జావ, మధ్యాహ్నం అన్నం కాబట్టి బడి ఉన్న రోజుల్లో ఆరున్నరకల్లా పొయ్యి వెలిగించాలి. బడి ఊరికి ఈ చివర, పొలం ఆ చివర దాటి రెండు కిలోమీటర్లు. మోకాలు నొప్పితో ఆమె నడిస్తే దగ్గర దగ్గర గంట దారి.

ఆ పొలంలో ఒకటే బోరు, నలుగురు కౌలుదార్లు. యజమాని చీమకుర్తిలో క్వారీ పనులు చూసుకుంటూ ఎప్పుడో గానీ రాడు. వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటలు కరెంటు ఇస్తారు. ఆ వైపు ఉదయం ఆరింటికి వస్తుంది. ఆ తొమ్మిది గంటలను నలుగురూ నాలుగు వంతులు చేసుకున్నారు. వంతుకు రెండుంబావు గంటలు. ఎవరిది ఎన్నో వంతో కౌలు మాట్లాడుకున్న రోజే చీట్లు వేసి తేలుస్తారు, పంట చేతికొచ్చేదాకా అది మారదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వంతు లెక్క కరెంటు వచ్చిన నిమిషం నుంచి మొదలవుతుంది. నీ వంతులో మోటారు తిరిగిందా లేదా అన్నది నీ ఖర్మ. ఒకరు తీరిగ్గా వచ్చి పక్కవాడి నీళ్ళు తినకుండా ఎప్పుడో పెద్దవాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు అది.

ఆ ఏడు పిన్నికి మొదటి చీటీ వచ్చింది. మొదటి వంతంటే అందరికీ ఆశే. పొద్దున్నే ఓల్టేజీ బాగుంటుంది, బోరులో నీరు తేరుకుని ఉంటుంది. కానీ ఆరింటికి బోరు దగ్గర ఎవరుండి మీట నొక్కాలి? వెనకటికి అయితే ఆ బాధ లేదు. ప్రతి మోటారుకూ ఆటో అనే చిన్న పరికరం ఉండేది, కరెంటు రాగానే అదే మోటారును ఆన్ చేసేది. ఊళ్ళో మోటార్లన్నీ ఒక్క దెబ్బకు లేవడంతో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. బాగు చేయించేలోపు అందరి పంటలూ వాడిపోయాయి. అప్పుడు లైన్‌మన్ ఊరంతా తిరిగి ఆటోలు పీకించాడు. పిన్ని వాళ్ళ యజమాని ఇంకా గట్టివాడు, తన బోరుకు ఎవరైనా ఆటో బిగిస్తే కౌలు రద్దు అని చెప్పి పోయాడు. తర్వాత సిమ్ము పెట్టెలు వచ్చాయి. స్టార్టరు పక్కన పెట్టె, పెట్టెలో సిమ్ము, చేతిలో ఫోను. ఇంట్లోంచి ఫోను కొడితే పొలంలో మోటారు తిరుగుతుంది. పొదిలిలో ఒక మెకానిక్ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఈ పెట్టెలు బిగించాడు. పిన్ని కూడా తన డబ్బుతో వాళ్ళ బోరుకు ఒకటి బిగించుకుంది, మిగతా ముగ్గురూ చేత్తోనే మీట నొక్కుకుంటారు. ముందు రోజు సాయంత్రమే తన తోట వైపు వాల్వు తిప్పి వస్తే చాలు, డ్రిప్పు పైపులు కాబట్టి కాలవకు మడవలు కట్టే పని లేదు. పొయ్యి దగ్గర నిలబడి మోటారు వేయవచ్చు.

మూడు వారాలు బాగానే సాగింది. తర్వాత ఒక రోజు ఫోను వచ్చింది.

“అమ్మాయ్, మోటారు పలకట్లేదే. ఎన్నిసార్లు కొట్టినా అందుబాటులో లేదంటది. ఏడూ ఏడుంబావుకి అప్పుడు పలికిద్ది. నా వంతు అప్పటికి సగం పోయిద్ది. ఆ పెట్టెలో మీ కంపెనీ సిమ్మేనంటగా?”

మా కంపెనీదే. పెట్టెలు చేసేవాడు టోకున కొన్న సిమ్ములు.

“పెట్టెలో లోపమేమో పిన్నీ, మెకానిక్‌కి చెప్పు” అన్నాను. ఆ మాట ఎంత సులువుగా అన్నానో తలచుకుంటే ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటాను. మా ఇంట్లో మనిషి, మా కంపెనీ సిమ్ము, ఆ సిమ్ముల పనే చేసే నేను. అయినా నా నోట వచ్చింది హెల్ప్‌లైన్ వాళ్ళు అనే మాటే.

రెండో ఫోనుకు బస్సెక్కాను. వెళ్ళేసరికి శనివారం మధ్యాహ్నం. తోట పూత మీద ఉంది. పక్క కౌలుదార్ల సాళ్ళలో ఆకులు నిగనిగలాడుతున్నాయి. పిన్ని సాళ్ళలో ఆకులు మధ్యాహ్నానికే తలలు వాల్చేశాయి, మొక్కల కింద తెల్లగా పూత రాలి ఉంది. ఆమె వంగి ఒక పువ్వు తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది.

“ప్రతి పువ్వూ ఒక కాయే గదమ్మాయ్” అంది.

మరునాడు ఆదివారం. బడి లేదు కాబట్టి తెల్లవారకముందే బయల్దేరి మేమిద్దరం బోరు దగ్గరికి నడిచాం. ఆరింటికి స్టార్టరు మీద దీపం వెలగగానే పిన్ని పచ్చ మీట నొక్కింది, మోటారు లేచింది. రెండుంబావు గంటలు నిండా నీళ్ళు పారాయి. ఆ తోట బతుకుతున్నది ఆదివారం నీళ్ళ మీదేనని అప్పుడు తెలిసింది. పెట్టె వైపు చూస్తే దాని చిన్న దీపం ఇంకా ఎర్రగా మిణుకుతూనే ఉంది, టవరు కోసం వెతుక్కుంటూ. ఏడు దాటాక గానీ పచ్చబడలేదు.

ఎనిమిదింటికి రెండో వంతు పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఆ బోరు మీద ఆయన మాటే చెల్లుతుంది. నేను చాలా మర్యాదగానే మొదలుపెట్టాను.

“పెదనాన్నా, మోటారు లేచిన దగ్గర్నుంచి వంతు లెక్కేస్తే పిన్నికి అన్యాయం జరగదు కదా.”

“అట్టా ఎట్టా కుదిరిద్దమ్మా? కరెంటొచ్చిన కాణ్ణుంచే లెక్క. ఎప్పుడూ అంతే.”

“ఆమె తప్పేముంది ఇందులో? పెట్టె పలకట్లేదు.”

“నా తప్పేముంది? ఆమెకి గంట జరిపితే నాకు జరగాల, నా తర్వాతోడికి జరగాల. ఆఖరోడికి కరెంటు పోయిద్ది. వాడికేం చెప్తావ్?”

“పోనీ మీరు మొదటి వంతుకు మారండి. మీకు పొద్దున్నే వేరే పని లేదు కదా.”

“చీటీ వచ్చిన రోజు నవ్వుకుంటా పోయింది గదా మీ పిన్ని. అప్పుడు మారమంటే మారేదా?” అని తువ్వాలు దులుపుకున్నాడు. “ముందు మీ కంపెనీ రూలు మార్పించమ్మా. తర్వాత మా రూలు సంగతి చూద్దాం.”

నాకు పౌరుషం వచ్చింది. మార్పించే వస్తానని అందరి ముందూ అన్నాను.

సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే ఆ టవరు రికార్డు తీశాను. ఆరు గంటల దగ్గర గీత నిటారుగా లేచింది. సంగతి తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. చవక పెట్టెలు, వాటిలో బ్యాటరీ లేదు. కరెంటు పోతే పెట్టె చస్తుంది, వస్తే బతుకుతుంది. చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటికీ ఒకే లైను మీద ఆరింటికి కరెంటు వస్తుంది. వందల పెట్టెలు ఒకే సెకనులో కళ్ళు తెరిచి ఒకే టవరును “నన్ను చేర్చుకో” అని అడుగుతాయి. అన్నీ ఒక్కసారే అడిగితే టవరుకు ఏదీ వినపడదు. అవి మళ్ళీ అడుగుతాయి, మళ్ళీ ఢీకొంటాయి. ఇవతల రైతులు మోటారు పలకడం లేదని ఫోను మీద ఫోను కొడుతుంటారు, దాంతో టవరుకు ఉన్న కాస్త ఊపిరి కూడా ఆడదు. ట్రాన్స్‌ఫార్మరును కాల్చిన తప్పే ఇది. తీగల మీద జరిగింది ఇప్పుడు గాల్లో జరుగుతోంది.

ఇంత రద్దీలో టవరు ఏం చేస్తుందంటే, మేము రాసిచ్చిన వరస చూస్తుంది. మనుషుల ఫోన్లు ముందు. తర్వాత కార్డు మెషీన్లు, కరెంటు మీటర్లు, ఎందుకంటే ఆ పెద్ద కంపెనీలతో మాకు ఒప్పందాలున్నాయి. మోటారు పెట్టెలకు ఏ ఒప్పందమూ లేదు కాబట్టి అన్నిటికన్నా ఆఖర్న. వాటిని ఆగి రమ్మనే గడువు కూడా చాలా పొడుగ్గా ఉంది. రెండుసార్లు తిప్పి పంపితే గంట పైనే ఎగిరిపోతుంది.

ఇంత గడువు ఏ మహానుభావుడు పెట్టాడో చూద్దామని పాత ఫైలు తెరిచాను. కింద నా పేరుంది. రెండేళ్ళ కిందట అన్ని జిల్లాలకూ కలిపి ఒకటే పట్టిక తయారు చేయమంటే చేశాను. ఆ రోజు ఏం ఆలోచించానో గుర్తు లేదు. కారణం రాయాల్సిన గడిలో మాత్రం నా మాటలే ఉన్నాయి: ఈ పరికరాలు ఆలస్యాన్ని తట్టుకోగలవు. ఎవరిని అడిగి రాశాను? ఏ పొలానికి వెళ్ళి చూశాను? సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పక్క కుర్చీలో అమ్మాయి “ఏమైందక్కా” అంటే తెర మూసేశాను.

ఫైలు ప్రింటు తీసుకుని మా పైఅధికారి గదికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, అందుకే ఇంకా ఒళ్ళు మంట.

“సార్, ఉదయం ఆరింటికి ఒక్క గంటసేపు మోటారు సిమ్ముల గడువు తగ్గిద్దాం. ఆ టైములో ఆ ఊళ్ళలో ఫోన్లు ఏం చేస్తున్నాయో చూశారా?”

“ఏం చేస్తున్నాయి?”

“వీడియోలు చూస్తున్నాయి. ఇంకా మొహాలు కూడా కడగకుండా.”

“చూడనివ్వండి మేడమ్. వీడియో ఆగితే వాడు నా మీద కంప్లైంట్ పెడతాడు. మోటారు పెడుతుందా?”

“మోటారు పెట్టదు సార్. మా పిన్ని పెడుతుంది.”

ఆయన నవ్వాడు. “మీ పిన్నిగారిని హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయమనండి, టికెట్ వస్తుంది. ఒక ఊరి కోసం పట్టిక మార్చలేం. మెషీన్లే కదా, ఆగుతాయి.”

నా గడిలో నేను రాసిన మాటే కాస్త తేలికగా చేసి నాకు తిరిగి అప్పజెప్పాడు. బయటికి వచ్చాను. వచ్చి, ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్క టవరుకు గడువు నేనే తగ్గించాను. రెండు రోజులు పిన్ని మోటారు ఆరుంబావుకే లేచింది. మూడో రోజు కంప్యూటరు తనిఖీలో ఆ తేడా దొరికిపోయి అంకె దానంతటదే పాత చోటికి వెళ్ళింది, నాకు మెమో వచ్చింది. మెమో మాత్రం ఏ రద్దీలోనూ ఇరుక్కోకుండా నిమిషాల్లో చేరింది.

పెట్టెలు చేసే కంపెనీకి ఫోను చేశాను. కరెంటు రాగానే పెట్టెలన్నీ ఒకేసారి లేవకుండా తలో కాసేపు ఆగి లేచేలా చేయమన్నాను. ఫోనులో పెద్దమనిషి చాలా తియ్యగా మాట్లాడాడు. తర్వాత వచ్చే మోడల్లో చేస్తామన్నాడు. ఉన్న మోడల్లో కూడా ఆగే నిమిషాలు పెట్టుకునే వీలుంది కదా అని అతనే గుర్తు చేశాడు. బిగించేటప్పుడు మెకానిక్ అన్నిటికీ సున్నా వదిలేసి ఉంటాడన్నాడు.

అది నిజం. పొదిలి మెకానిక్ యాభై ఏళ్ళ మనిషి, మాట కరుకు, పని శుభ్రం. “రైతు కరెంటు రాగానే పెట్టె లేవాలంటాడమ్మా, నేనెందుకు ఆపుతా?” అన్నాడు. నేను విషయం చెబితే వెంటనే అర్థం చేసుకున్నాడు. మా ఇంజనీర్లకు పట్టిన దానిలో సగం టైము కూడా పట్టలేదు. ఒకరికి సున్నా, ఒకరికి రెండు, ఒకరికి నాలుగు, ఇలా ఇరవై నిమిషాల దాకా పంచేస్తే అందరి మోటార్లూ ఆరున్నరలోపు లేస్తాయి. నేను నాలుగు రోజులు సెలవు పెట్టాను. అతని బండి వెనక కూర్చుని బోరు బోరుకూ తిరిగాం.

ఒక్కడు ఒప్పుకుంటే ఒట్టు.

“నాది రెండో నిమిషమా? మరి పక్క బోరు వాడిది?”

“ఆయనది సున్నా. వారం తర్వాత మార్చుకోవచ్చు.”

“వాడి తర్వాత నా మోటారు లేవాల్నా? ఏందమ్మా నువ్వు చెప్పేది. నాదీ సున్నాకే పెట్టు.”

“అందరూ సున్నా అంటే ఎవరికీ లేవదండి. గంట ఆగుతున్నారు కదా ఇప్పుడు.”

“అందరితోపాటు ఆగితే ఆగుతా. వాడి తర్వాత ఆగను.”

ఈ మాట నేను ఊళ్ళు మార్చి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. రెండు నిమిషాలండి. బీడీ వెలిగించి ఆర్పేంతసేపు. సొంత బోరు ఉండి తొమ్మిది గంటలూ తనవే అయిన ఆసామి కూడా రెండు నిమిషాలు వెనక్కి జరగనన్నాడు. పక్కవాడి మోటారు చప్పుడు ముందు వినపడితే పరువు పోతుంది. నాకు అరవాలనిపించింది, ఒకచోట అరిచాను కూడా. అతను కొంచెం కూడా నొచ్చుకోకుండా, “టీ తాగుతావా తల్లీ” అన్నాడు. మెకానిక్ నవ్వుతూ బండి తిప్పాడు.

పిన్ని దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమైంది. బడి గిన్నెలు తోముతోంది. చెప్పాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, “పది పెట్టించు. నేను అందరికన్నా వెనక లేస్తే నాకేం నష్టం? నీళ్ళు రావాలి గానీ” అంది.

పది నిమిషాలకు పెట్టాం. మర్నాడు పొద్దున ఫోను వచ్చింది. “పన్నెండు నిమిషాలకే లేచిందే అమ్మాయ్. మొదటి ఫోనుకే పలికింది.” టవరు తిప్పి పంపినవన్నీ గడువు కోసం ఆగి ఉంటే ఆమె ఒక్కతే తలుపు తట్టింది, టవరు తీసింది. మర్నాడూ అంతే. రెండు వారాలు అంతే. ఆకులు లేచాయి, కొత్త పూత వచ్చింది, పిందె కట్టడం మొదలైంది. ఫోటో తీయించి పంపింది. ఫోటోలో సగం ఆమె బొటనవేలే ఉంది. అయినా నేను దాన్ని ఆఫీసులో అందరికీ చూపించాను.

తర్వాత జరిగిన దానికి ఎవరిని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. మా వాళ్ళ చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెబుతారు. దేవుడు ఆ వారం తమకు చేసిన మేలు ఎవరైనా లేచి అందరి ముందూ చెప్పవచ్చు. జ్వరం తగ్గింది, కొడుక్కి పని దొరికింది, గేదె దొరికింది, ఇలా. పిన్ని జన్మలో లేచి సాక్ష్యం చెప్పి ఎరగదు. ఆ ఆదివారం లేచింది. తన తోట ఎలా వాడిందో, ప్రార్థన చేస్తే దేవుడు తన అక్క కూతురి ద్వారా మార్గం ఎలా చూపించాడో, మోటారు పెట్టెను పది నిమిషాలు ఆగమన్నాక నీళ్ళు ఎలా వచ్చాయో, నిమిషంతో సహా చెప్పింది. మందిరం అంతా స్తోత్రం అంది. మైకు బయటికి కూడా ఉంటుంది కాబట్టి ఊరంతా విన్నది.

సోమవారం పొద్దున్నుంచే మెకానిక్ ఫోను మోగడం మొదలైంది. “ఆమెకేం పెట్టావో మాకూ అదే పెట్టు.” అతను నాకు ఫోను చేశాడు. “తలా ఒకటి పెడతానంటే తన్నేట్టున్నారమ్మా. అందరికీ పదే కావాలంట” అన్నాడు. వద్దని చెప్పాను. అతను మాత్రం ఏం చేస్తాడు, రేపు వాళ్ళ మోటార్లే బాగు చేసుకుని బతకాలి. వారం తిరిగేసరికి చుట్టుపక్కల పెట్టెలన్నీ పది నిమిషాలకు వచ్చాయి. టవరు గీతలో ఆరింటి దగ్గర నిటారుగా ఉన్నది ఆరూపదికి జరిగింది. అంతే తేడా. మళ్ళీ ఏడుంబావు.

“పదిహేను పెట్టిస్తాను పిన్నీ, ఎవరికీ చెప్పకు” అన్నాను.

“చెప్పొద్దంటే ఎట్టా అమ్మాయ్, మందిరంలో చెప్పిన మాట. ఇప్పుడు నేనొక్కదాన్నే మార్చుకుంటే దొంగతనం చేసినట్టు ఉంటది.”

“నీ పూత రాలిపోతుంటే దొంగతనం ఏంటి?”

“నాకు అట్టా చెయ్యబుద్ధి కాదు” అంది. ఆమె గొంతులో కోపం లేదు. నాకే ఉంది, ఇద్దరికీ సరిపడా.

ఇంకోసారి పైఅధికారి దగ్గరికి వెళ్ళాను. ఇంకోసారి పెట్టెల కంపెనీకి రాశాను. ఇంకోసారి పెద్దాయనను వంతు మార్చమని బతిమాలాను. ముగ్గురూ నేను చెప్పింది న్యాయమే అన్నారు. ముగ్గురూ వచ్చే ఏడు చూద్దామన్నారు.

డిసెంబరు మొదట్లో పిన్ని బడి వంట మానేసింది. నాకు ముందు చెప్పలేదు. వేరే పని మీద ఫోను చేస్తే వెనకాల పిల్లల గోల వినపడలేదు, అడిగితే అప్పుడు చెప్పింది. హెడ్మాస్టరు ఎంతో చెప్పారట, ఇంకొకరు వచ్చేశారట. “కౌలు ముందే మాట్లాడుకున్నాం గదమ్మాయ్, తోట వదులుకుంటే ఎట్టా? వంటైతే ఎవురైనా చేస్తారు” అంది. రోజూ ఐదింటికి బయల్దేరి బోరు దగ్గర గట్టు మీద కూర్చుంటోంది, కరెంటు వస్తే చేత్తో మీట నొక్కడానికి. సిమ్ము తీసి ఇంట్లో ఎక్కడో పెట్టింది. మిగిలిన ఊళ్ళవాళ్ళు కూడా చాలామంది విసిగిపోయి పెట్టెలు పీకేశారు, దొంగచాటుగా మళ్ళీ ఆటోలు బిగించుకున్నారు.

ఆ నెలాఖరున విజయవాడలో రాష్ట్రమంతటికీ సమీక్ష జరిగింది. మా పైఅధికారి తెర మీద ఒక పటం వేశాడు. నెలల తరబడి ఎర్రగా ఉన్న పొదిలి వైపు టవర్లు అందులో పచ్చగా మారాయి. తిప్పి పంపిన సిమ్ముల సంఖ్య దాదాపు సున్నాకు వచ్చింది. జనం నుంచి కంప్లైంటు ఒక్కటి కూడా లేదు. మా పట్టిక మార్చకుండానే ఇది సాధించామని, నాలుగు రోజులు ఊళ్ళలో తిరిగి దీన్ని సరిచేసింది మేడమ్ అని ఆయన నన్ను చూపించాడు. పాపం, నాకు మెమో ఇచ్చినందుకు మనసులో బాధపడుతూ ఉన్నాడేమో. హాలంతా చప్పట్లు కొట్టారు. మిగతా జిల్లాల వాళ్ళకు ఉపయోగపడుతుంది, ఎలా చేశారో రెండు ముక్కలు చెప్పమన్నారు.

దారి పొడవునా అందరినీ కడిగేస్తూ వచ్చిన దాన్ని. పెద్దాయనను అన్నాను, రైతులను అన్నాను, పైఅధికారిని అన్నాను. ఆ పెట్టెలు పీకేశారు సార్, అందుకే అడిగేవాళ్ళు లేరు అని ఆ మైకులో ఒక్క మాట అంటే సరిపోయేది. ఎదురుగా మూడు వరసల్లో పెద్దవాళ్ళు కూర్చుని నవ్వుతూ చూస్తున్నారు. లేచి వెళ్ళి, పెట్టెలకు తలా కాసేపు గడువు పంచడం గురించి పావుగంట మాట్లాడాను. బాగా మాట్లాడారన్నారు. మా పిన్ని వంట మానేసిందని మాత్రం చెప్పలేదు.